బావ పీల్చిన పొగ

మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చుని టీవీ పెడితే, ఎక్కడో యుద్ధంలో చమురు బావులు తగలబడుతున్నాయి. తెరనిండా నల్లటి పొగ. టీవీలోంచి వాసన రాదని తెలుసు, అయినా గొంతులో ఏదో జిడ్డుగా తగిలినట్టయి, కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను.

ఆర్మూరు చుట్టుపక్కల మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ కాలంలో ఇంటికొకరం గల్ఫ్ దారి పట్టినవాళ్ళమే. కువైట్‌లో యుద్ధం ముగిసినా బావులు ఇంకా మండుతున్న రోజుల్లో, నేనూ మా అక్క భర్తా మంటలార్పేవాళ్ళ క్యాంపులో పనికి కుదిరాం. పెర్కిట్ దగ్గర బస్సెక్కేటప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచి, బావను జర కనిపెట్టుకుని ఉండమంది.

అక్కడ పట్టపగలే బండ్లు లైట్లు వేసుకుని నడిచేవి. గాలి మా వైపు తిరిగితే సన్నటి నల్ల తుంపర పడేది, ఆరేసిన బట్టల మీద, తినే రొట్టె మీద, చివరికి కనురెప్పల మీద కూడా. ఉమ్మితే నలుపే.

క్యాంపులో రెండే పనులు ఖాళీగా ఉన్నాయి. ఒకటి వంటగదిలో, రెండోది బావుల దాకా నీళ్ళ ట్యాంకర్ తోలడం. బండి ఇద్దరికీ వచ్చు. సూపర్‌వైజర్ బోధన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, వయసు చూసి బావను వంటగదికి పొమ్మన్నాడు.

“మా బామ్మర్ది వంట మస్తు చేస్తడు సాబ్. నేను బండి తోల్త,” అన్నాడు బావ.

నాకు అన్నం వార్చడం కూడా రాదు. గట్లెందుకు చెప్పినవని తర్వాత నిలదీస్తే నవ్వేశాడు.

“నీకింక పెండ్లన్న కాలే. గా పొగల నువ్వేం పోతవ్?”

ముక్కుకు చుట్టుకున్న తడి తువ్వాలొక్కటే ఆయనకున్న అడ్డం. సాయంత్రం నల్లగా తిరిగొస్తే సబ్బుతో వీపు నేనే రుద్దేవాణ్ణి. ఉత్తరం రాయలేనివాళ్ళం క్యాసెట్లో మాటలు నింపి పంపే కాలం కదా, బావ దగ్గు వచ్చినప్పుడల్లా బటన్ నొక్కి ఆపి, తగ్గాక మళ్ళీ అందుకునేవాడు. మాటలు తెగుతున్నాయి, మిషన్ ఖరాబైందేమోనని అక్క కబురు పంపింది.

మంటలన్నీ ఆరాక ఇంటికొచ్చాం. దగ్గు కూడా వెంట వచ్చింది. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు, బీడీలు ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నావని అడిగితే, జన్మలో బీడీ ముట్టని ఆ మనిషి తల దించుకున్నాడు. పసుపు ఉడికించే రోజులొచ్చి, చేలో కట్టెలూ ఎండిన పసుపాకూ వేసి పొయ్యి రాజేయగానే ఊపిరాడక దూరంగా రోడ్డు మీదికి వెళ్ళి కూర్చునేవాడు. అక్క ఒక్కతే కూలీలను పెట్టుకుని పసుపు ఉడికించి, ఆరబెట్టి, మార్కెట్‌కు తోలించేది. ఆఖరి ఏడు పొగ పెట్టే పని లేకుండా పసుపు మానేసి మక్కజొన్న వేసింది. ఆ చలికాలమే బావ పోయాడు. ఏ పొగ తీసుకుపోయిందో ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇప్పుడు చేలల్లోకే బాయిలర్ బండి వచ్చి ఆవిరితో పసుపు ఉడికించిపోతుంది, వెనకటి పొగ లేదు. ఈ ఏడు అక్క చేలో ఉడికిస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. తెల్లటి ఆవిరి వైపు చూస్తూ అక్క అంది.

“గిప్పుడుంటే మీ బావ గీడనే కూసుంటుండె తమ్మీ.”

నాకు అరవై దాటాయి, ఆర్మూరు సిద్ధులగుట్ట మెట్లు ఇప్పటికీ ఎక్కడా ఆగకుండా ఎక్కుతాను. ఆ మెట్లెక్కే మాట అక్క దగ్గర మాత్రం ఎన్నడూ ఎత్తను.