సంతకానికి ముందు ఆసిఫాబాద్ దాకా: నేనూ, మా యారాలూ, ఒక గ్యాస్ బోరూ

జమ్మికుంట పక్కన మాకు కొంచెం పత్తి చేను ఉంది. మా ఆయన, వాళ్ల అన్న వేరుపడ్డప్పుడు భూమిని పంచుకున్నారు గానీ బావిని పంచుకోలేదు. బావిని ఎట్లా పంచుతారు? ఒకరోజు వాళ్ల మోటరు, ఒకరోజు మా మోటరు. బావ పోయి చాలా ఏళ్లయింది. మా ఆయన లారీ మీద తిరుగుతాడు. మా సగం నా పేరు మీదే ఉన్నా, రెండు సగాలూ చేస్తున్నది మాత్రం బావ భార్య లచ్చక్క. తోడికోడలిని మావైపు యారాలు అంటాం. యారాళ్లంటే కొట్లాడుకోవాలని లోకం అనుకుంటుంది. మేమూ కొట్లాడుకుంటాం, కానీ నా బిడ్డ పుట్టినప్పుడు నెల రోజులు నా దగ్గర పడుకున్నది మా అమ్మ కాదు, ఆమే. నేను కరీంనగర్‌లో బట్టలు కుట్టుకుంటూ, ఆదివారం పోయి పెత్తనం చేసి వస్తుంటాను.

మొన్న పత్తి ఏరుతున్న రోజుల్లో ఒక కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. మన నేల కింద, బోరుబావులు పోయే లోతుకంటే ఎంతో కిందికి, నల్లటి పలకరాయి పొరలు ఉండొచ్చట. ఆ రాయిలో ఇరుక్కుని ఉండేదే షేల్ గ్యాస్. కిందికి బోరు దింపి, అక్కడ అడ్డంగా తిప్పి, నీళ్లూ ఇసుకా ఏవో మందులూ కలిపి గట్టిగా నెడితే రాయి పగిలి గ్యాస్ పైకి వస్తుందట. ముందు ఒక పరీక్ష బోరు వేస్తాం, బావి పక్క జాగా కావాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి అన్నాడు. ఇస్తామన్న డబ్బు పత్తి మీద మేమెన్నడూ కళ్లజూడనిది. ఊళ్లో సగం మంది నీళ్లు పాడైతాయని ఫోన్లో వీడియోలు చూపించి బెదరగొట్టారు, మిగతా సగం మంది మీ నక్క తోక తొక్కిన కాళ్లు చూపించండి అన్నారు.

నేను సంతకం పెడదామనే అనుకున్నాను. లచ్చక్క మోకాళ్లు అరిగిపోయాయి. పత్తి ఏరి ఇంటికి వచ్చిందంటే గోడ పట్టుకుని గానీ కూర్చోలేదు. ఈ ఒక్క మనిషిని కూర్చోబెట్టి అన్నం పెట్టాలని నా కోరిక. ఆ మాట ఆమెతో అంటే ఒప్పుకోదు, అందుకని చేను లాభం లేదని, నీళ్లు లేవని, సాకులన్నీ చెప్పాను. ఆమె అన్నిటికీ ఒకటే జవాబు: "నీ ఇష్టమే రజితా." ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇష్టమో కష్టమో నోరు తెరిచి చెప్పొచ్చు కదా! ఆసిఫాబాద్ వైపు ఒక రైతు చేనులో ఇట్లాంటి పరీక్ష బోరే వేశారని పత్తి మార్కెట్లో ఎవరో చెప్తే, "నడువు, పోయి మన కండ్లతోని చూసొద్దాం" అని శివరాత్రి దాటాక బయల్దేరదీశాను.

అటు పోవాలనుకునేవాళ్లకు రైలే సుఖం. జమ్మికుంటలో పొద్దున కాగజ్‌నగర్ వైపు పోయే బండి ఎక్కితే మధ్యాహ్నం లోపే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగొచ్చు. మామూలు పెట్టెలో టికెట్ వందలోపే. టైములు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోండి. స్టేషన్లో టిఫిన్ మీద ఆశ పెట్టుకోకండి. మాకు ఆ ఫికరు లేదు, లచ్చక్క సర్వపిండి కాల్చి తెచ్చింది. పెద్దపల్లి దాటాక మూట విప్పితే ఎదురు సీట్లో వాళ్లు కూడా చేతులు చాపారు, ఈమె పెట్టింది, చివరికి నాకు మిగిలింది మాడిన ముక్క. రామగుండం పొగగొట్టాలు దాటి గోదావరి వంతెన మీదికి రాగానే లేచి నిలబడి, కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టింది. మంచిర్యాల, బెల్లంపల్లి దగ్గర బొగ్గు గని కార్మికుల క్వార్టర్లు వరుసగా కనిపించాయి.

"బొగ్గు తీసినకాడ గూడ ఇండ్లు మంచిగనే ఉన్నయి గదనే?" అంది.

"ఉద్యోగమున్నోళ్లకు మంచిగనే ఉన్నయక్కా. భూమి ఇచ్చినోళ్లు యాడున్నరో గీ కిటికీలకెల్లి కనవడది" అన్నాను. అన్నాక నామీద నాకే కోపం వచ్చింది. సంతకం పెడదామంటున్నది నేనే కదా!

స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి. రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి ముందే మాట్లాడుకోండి. మధ్యలో మాట్లాడితే రేటు పెరుగుతుంది. మాకు దొరికిన డ్రైవరు గ్యాస్ బోరు అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

"మీరు గూడ భూమి ఇస్తున్నరా అక్కా?"

"ఇస్తే ఏమైతది తమ్మీ?"

"నాకైతే మస్తుగుండె. బోరు ఏసినన్ని దినాలు ఇంజనీర్లను దింపుడు, ఎక్కించుకునుడు, తినతందుకు గూడ టైం లేకుండె. మిషన్ లేచిపోయింది, మల్లా ఈగలు తోలుకుంటున్న. మల్లా వస్తరంటున్నరు. ఎప్పుడొస్తరో ఎవరికీ తెల్వది."

దారికి రెండువైపులా ఎండిన పత్తి కట్టె, దూరంగా గుట్టలు, మోదుగు పూలు. ఊరి పేరు రాయను, చేనులో బోరు పడ్డ ఆ రైతు ఇంటివాళ్లు వద్దన్నారు. ఇంటాయన పేరు మాత్రం తుకారాం అనుకోండి, ఇంటామె కమలాబాయి. మరాఠీ వాసన తగిలిన తెలుగు వాళ్లది. ఎవరో ఏమిటో అడగకముందే చెంబులో నీళ్లిచ్చారు. బావి నీళ్లేనట. నేను చెంబు పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించాను, ఆ ఫోన్ వీడియోలు గుర్తొచ్చి. లచ్చక్క నా చేతిలోంచి చెంబు గుంజుకుని గటగటా తాగేసింది. కమలాబాయి నవ్వింది.

"తాగు బాయీ, ఏం గాదు. పరీక్షకు పంపిండ్రు, మంచిగనే ఉన్నయన్నరు."

మధ్యాహ్నం జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, పచ్చి ఉల్లిగడ్డ. తెలియని ఇంటికి పోయి అంత తినడం సిగ్గే, కానీ తిన్నాను. తింటూనే అడిగాను, కంపెనీవాళ్లు మోసం చేశారా అని. తుకారాం తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధమెందుకు చెల్లె, ఇస్తమన్నది బరాబర్ ఇచ్చిండ్రు. బాకీలు తీరినయి, ఇంటి మీద స్లాబు పడ్డది. బోరు ఏసిన ఎండకాలం బావి జల్ది అడుగంటింది. అది వాళ్లు నీళ్లు తోడుకున్నందుకో, ఆ ఏడు వానలు పడనందుకో నాకు తెల్వది. తెల్వంది తెల్సినట్టు చెప్ప."

నాకు పాణం కుదుటపడింది. ఇంకేం, సంతకం పెట్టేయొచ్చు అనుకున్నాను. తిన్నాక చేను చూపిస్తానని తీసుకుపోయాడు. ఇంటి వెనక నుంచే దారి. నల్లరేగడి, ముద్ద చేస్తే ముద్దయ్యే నేల. మధ్యలో ఇనుప కంచె, గేటు, లోపల వెడల్పుగా కంకర పరిచి రోలర్‌తో తొక్కించిన జాగా. దాని నడుమ రంగేసిన చక్రాలు బిగించిన పైపు ఒకటి నడుమెత్తు నిలబడి ఉంది, ఇంకేం లేదు. ఒక మూల బోరులోంచి తిరిగొచ్చిన నీళ్లకోసం తవ్విన గుంట, దానికి పరిచిన ప్లాస్టిక్ షీటు అంచులు గాలికి లేస్తున్నాయి. గుంట ఎండిపోయి ఉంది. ఆ నీళ్లు ట్యాంకర్లలో ఎటు తీసుకుపోయారో తనకు చెప్పలేదన్నాడు. గేటు దగ్గర చెట్టు కింద కాపలా మనిషి కూర్చుని ఉన్నాడు. చప్పుడు లేదు, వాసన లేదు. నేను భయపడినదేదీ అక్కడ కనిపించలేదు.

"మరి వాళ్లు ఎప్పుడు పోతరన్నా?" అని లచ్చక్క అడిగింది. ఈ ఇంటికి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట అది.

తుకారాం కంచె వెంబడి ముందుకు నడిచాడు. మా వెనకే వచ్చిన కమలాబాయి గొంతు తగ్గించి చెప్పింది.

మనవైపు కౌలంటే ఉగాది నుంచి ఉగాది దాకా. ఎవరూ కాగితం రాసుకోరు, ఎవరూ గుర్తుచేయరు. ఉగాది వచ్చిందంటే కౌలుదారు తప్పుకుంటాడు, భూమి ఆసామి చేతికి వస్తుంది. తుకారాం కూడా అదే లెక్కలో ఉన్నాడు. కాగితం మీద ఏళ్లకేళ్లు రాసి ఉందని, పని ఉంటే ఇంకా పొడిగించుకుంటారని ఆయనకు తట్టనే లేదు. భూమి ఇచ్చాక వచ్చిన మొదటి ఉగాది పొద్దున తలస్నానం చేసి, నాగలికి పసుపు రాసి, ఎడ్ల కొమ్ములకు రంగు పూసి, కొత్త సాగు మొదలుపెట్టడానికి ఆ గేటు దగ్గరికి పోయాడట.

"కాపలా పిలగాడు మంచోడు, బెల్లంపల్లి గని కార్మికుని కొడుకు. నవ్వలే. గేటు తీసిండు. ఎడ్లు కంకర మీద రెండడుగులేసి నిలవడ్డయి, గిట్టలు జారినయి. 'బాపూ, కౌలు లెక్క గాదే ఇది, వాళ్లు ఇప్పుడు పోరు' అని పిలగాడే ఎడ్లను మలిపి ఇంటి దాకా తోలుకొచ్చిండు. ఈయన ఇంటెనక కూరగాయల మడి దున్నిండు ఆ రోజు. గంతే జాగ దొరికింది. పండుగ పూట పచ్చడి గూడ నోట్లె పెట్టలే."

చెప్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఆయన స్థానంలో ఉంటే మా బావ కూడా అదే చేసేవాడు. నిజం చెప్పొద్దూ, ఎన్నాళ్లకు అని ఆ కంపెనీ మనిషిని నేనూ అడగలేదు. ఏడాదికే అనుకున్నాను.

లచ్చక్క నెమ్మదిగా కుంటుకుంటూ తుకారాం దగ్గరికి పోయి కంచె పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు పొద్దుగాల లేసి ఏం జేస్తున్నవన్నా?"

"ఏం జేస్త బాయీ? కూసుంట."

అంతే అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. లచ్చక్కకు నేను ఇద్దామనుకున్నది సరిగ్గా ఇదే. ఆయన చేతులు చూశాను, కంచె తీగను పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ ఉన్నాయి. రోజూ పొద్దున ఇక్కడిదాకా వచ్చి ఒకసారి చూసి పోతాడని కమలాబాయి తర్వాత చెప్పింది.

సాయంత్రం బండికి తిరుగుముఖం పట్టాం. పెట్టె కిక్కిరిసి ఉంది, ఇద్దరం ఒకరి ఒళ్లో ఒకరం అన్నట్టు ఇరుక్కుని కూర్చున్నాం. గోదావరి వంతెన మీద కూడా ఆమె లేవలేదు. ఇక నావల్ల కాలేదు.

"అక్కా, నీ ఇష్టమేందో ఒక్కసారి చెప్పు. మల్లా నా ఇష్టమే అన్నవనుకో, రామగుండంల దిగి పోత."

"దిగు, నీకు జాగెక్కువైతది" అంది. కాసేపయ్యాక కిటికీ వైపు చూస్తూ అంది: "నాకు ఇయ్యబుద్ది గాలె రజితా. మొదటిసందే గాలె. కానీ నీ బిడ్డ నర్సు చదువుకు పోతనంటుంది, నీ చేతుల పైస ఆడుతలేదు. నీకోసమని సంతకం పెడుదామనుకున్న. అది జెప్తే నువ్వు ఒప్పుకోవని ఊకున్న."

నేను బిత్తరపోయాను. తర్వాత ఎంత ఏడుపు వచ్చిందో, అంత నవ్వు వచ్చింది.

"ఓ యవ్వో! నేను నీ మోకాళ్ల కోసం పెడుదామనుకున్న. నిన్ను కూసోబెడుదామని!"

"నన్నా? కూసోబెడ్తవా? గా తుకారామన్న లెక్కనా?" అని నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. ఆ చెయ్యి అట్లాగే నా తల మీద ఉంచి, పెద్దపల్లి దాకా తీయలేదు. ఎదురుగా ఉన్నవాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని ఉంటారు, అనుకోనీ.

మర్నాడు నేనే కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమని లచ్చక్క పక్కనే కూర్చుంది. మా పద్ధతి ప్రకారం ఉగాది నుంచి ఉగాదికి ఇస్తాం, పోయేటప్పుడు కంకర ఎత్తేసి దున్ని ఇవ్వాలి, బావిలో చుక్క ముట్టొద్దు అన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, అట్లా కుదరదమ్మా అన్నాడు. "అయితే మాక్కూడ కుదరది బిడ్డా, మంచిగుండు" అని లచ్చక్క ఫోన్ కట్ చేయించింది. బిడ్డ చదువుకు లోను తీసుకుంటున్నాం. ఈ ఏడాది నుంచి సగం చేనులో పత్తి మానేసి, వంగి ఏరే పని లేకుండా మక్కజొన్న వేస్తాం. మోకాళ్ల డాక్టరు దగ్గరికి రమ్మంటే ఇన్నాళ్లూ తప్పించుకుంది, ఈసారి మాట ఇచ్చింది.

గ్యాస్ వద్దని ఎవరికీ చెప్పే పెద్దరికం నాకు లేదు. నా కుట్టుమిషన్ తిరిగే కరెంటు ఆ రామగుండం పొగలోంచే వస్తుంది. బొగ్గు కంటే గ్యాస్ పొగ తక్కువంటారు, నిజమే కావొచ్చు. తుకారాం ఇంటి స్లాబు కూడా నిజమే, అప్పులు తీరినందుకు ఆ ఇంట్లో ఎవరూ బాధపడటం లేదు. నీళ్ల సంగతి ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. చెప్పగలిగినవాళ్లు చెప్పేదాకా మా బావి పక్క జాగాలో మేం విత్తనం పెడతాం. ఆ కంచె దగ్గర నిలబడకపోతే ఈ పాటికి సంతకం పెట్టి ఉండేవాళ్లం. ఒకరికోసం ఒకరం, ఒకరి మనసులో ఏముందో ఒకరికి తెలియకుండానే.

మీ ఊరికీ ఇట్లాంటి కాగితం వస్తే, అప్పటికే భూమి ఇచ్చినవాళ్ల ఇంటికి ఒకసారి పోయి రండి. ఒక్కరే పోకండి, సంతకం పెట్టాల్సిన వాళ్లందరూ ఒకే బండిలో పోండి. రిజర్వేషన్ అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు మామూలు పెట్టెలో ఒకరి పక్కన ఒకరు కొంచెం ఇరుక్కుని కూర్చోండి, చాలు.