వేలున్నర మందం

నోరు ఎంత తెరుచుకుంటుందో వేళ్లతో కొలుస్తారని పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు గానీ నాకు తెలియలేదు. పళ్ల డాక్టరు మా ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, "మీ వేళ్లే ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి చూడండి, మూడు పట్టాలి" అన్నాడు. రెండు పట్టాయి. మూడోది ఎంత తోసినా పళ్లకే తగిలింది. గుట్కా నమిలి నమిలి బుగ్గల లోపలి చర్మం బిగుసుకుపోయిందని, మానేస్తే ఉన్న రెండు వేళ్లయినా నిలుస్తాయని, మానకపోతే ఇంకా మూసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఏమవుతుందని నేనడిగితే, "అక్కడిదాకా రానివ్వకండమ్మా" అన్నాడు. మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు. నేను ఆ డాక్టరు ముందే ఒంటికాలి మీద లేచాను.

మాది జనగామ. నేనొక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. మా ఆయనకు సొంత ట్రాలీ ఆటో ఉంది. సరుకు వేసుకుని రేగొండ, భూపాలపల్లి దాకా తిరుగుతాడు. ఆ పొడుగు దారిలో కునుకు రాకుండా మొదలుపెట్టిన అలవాటు అది. గుట్కా అమ్మకూడదని అందరికీ తెలుసు, కానీ తెలిసిన మొహమైతే చాలు, బిస్కెట్ డబ్బాల వెనక నుంచి ప్యాకెట్ బయటికొస్తుంది. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు ఆయన వాళ్లమ్మ తల మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. నేను నమ్మాను.

అసలు తిప్పలు తిండి దగ్గర మొదలయ్యాయి. కారం తగిలితే నోరు మండిపోయేది. మాంసం మరీ కష్టం. కుక్కర్లో ఎనిమిది కూతలు పెట్టినా పీచుపీచుగా విడిపోయి పళ్ల సందుల్లో ఇరుక్కునేది. నోరు తెరుచుకోదు కాబట్టి దాన్ని తీయడానికి వేలు కూడా పోదు. ఒకరోజు మిక్సీలో తిప్పి పెట్టాను. ఆయన పళ్లెం నా వైపు తోసేశాడు.

"పసిపోరనికి పెట్టినట్టు పెడతన్నవేందే? తింటె తునక తింట. లేకుంటె ఒట్టి బువ్వ తింట."

"ఒట్టి బువ్వే తిను. ఎవలు జెయ్యమన్నరు గీ పని? నోరు నువ్వు పాడు జేసుకొని నా మీద లేస్తవా?" అన్నాను. అన్నాక ఆయన చొక్కా భుజాల మీద ఎంత వదులుగా వేలాడుతోందో కనిపించి, ఇంకో మాట నోటిదాకా వచ్చినా మింగేశాను.

అప్పుడే మానుకోట నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. మహబూబాబాద్‌ను మేమింకా మానుకోట అనే అంటాం. ఈసారి నాకు ఒడిబియ్యం పోస్తామన్నాడు. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆడబిడ్డ ఒడిలో పోసి పంపుతారు. ఆ బియ్యాన్ని అత్తింట్లో వండి అయినవాళ్లను పిలిచి పెట్టాలి. మా ఇంటి పద్ధతి ప్రకారం ఆ రోజు యాట కూర, అంటే మటన్, తప్పదు. బావా బామ్మర్దీ పక్కపక్కన కూర్చుని తలా ఒక తునక తిన్నాకే మిగతావాళ్లకు వడ్డన. ఈ మాట చెవిన పడగానే మా ఆయన, "ఆ నాడు నాకు రేగొండ కిరాయి ఉన్నది" అన్నాడు. ఏ నాడన్నది ఇంకా ఎవరూ అనుకోలేదు.

ఆయన ఆ బంతిలో కూర్చోవాలి, అందరిలా తునక తినాలి. నాకు అంతే కావాలి. నోరు పోయిన మనిషని చుట్టాల ముందు తల దించుకుని బతకడం మొదలుపెడితే, ఇక ఆయన్ని లేపడం నా వల్ల కాదనిపించింది.

బడి విరామంలో ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా ఒక వీడియో దొరికింది. మాంసాన్ని కవర్లో పెట్టి, గాలి తీసేసి, వేడి నీళ్లలో ముంచుతారు. నీళ్లు మరగవు. ఒకే వేడి మీద ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉంటాయి. తునక తునకలాగే ఉంటుంది, చెంచాతో ఒత్తితే విడిపోతుంది. ఆ నీళ్ల వేడిని తగ్గకుండా, పెరగకుండా పట్టి ఉంచే యంత్రం పేరు సూ వీడ్ కుక్కర్. పేరున్నవాటి ధర చూసి ఫోన్ మూసేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చౌకవి చూశాను. కొన్నవాళ్లు రాసినవన్నీ చదివాను. ఒకటి మోత చేస్తుందట, ఒకదాని గొట్టం తుప్పు పడుతుందట. నాకు అందుబాటులో ఉన్నదానికి ఒకే లోపం రాశారు. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక దానంతటది మొదలుకాదు, మనమే మళ్లీ నొక్కాలి. నొక్కడానికి ఇంట్లో మనుషులున్నారు కదా అనుకుని కొనేశాను.

మా అత్తను లెక్కలో వేసుకోలేదు.

డబ్బా విప్పగానే అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది హీటరే గదనే" అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పదేళ్ల కింద స్నానం నీళ్ల బకెట్లో హీటర్ రాడ్ ఉండగానే వేలు ముంచింది. షాక్ కొట్టి గోడకేసి పడింది. ఎడమచేతి రెండు వేళ్లు ఈరోజుకీ సరిగా ముడుచుకోవు. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే చట్టం. నీళ్లలో రాడ్ కనిపిస్తే ముందు స్విచ్ ఆపాలి, తర్వాతే ఏదైనా.

మొదటిసారి అరకిలో మాంసం కవర్లో పెట్టి, పెద్ద గిన్నెలో యంత్రాన్ని తగిలించి బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి దాని మీద అంకెలు లేవు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

"ఎప్పుడు బంద్ జేసినవ్ అత్తా?"

"నువ్వు గేటు దాటంగనే. నీళ్లల్ల కరెంటు వెట్టి ఎట్ల పోయినవ్ బిడ్డా? నీకేమన్న పానం మీద తీపి ఉన్నదా?"

పొద్దంతా గోరువెచ్చటి నీళ్లలో నానిన మాంసం అది. వాసన రాకపోయినా పారేయాల్సిందే. అత్త కవర్ పట్టుకుని వెంటబడింది. "జర మంచిగ ఉడకబెడితె అయిపోవు గదనే, గంత కూర పారబోస్తవా?" అని. పెరట్లో గుంత తీసి పూడ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ యంత్రం తల నీళ్లకు పైనే ఉంటుందని చూపించాను. కొనేటప్పుడు వచ్చిన కాగితం మీద బొమ్మలు చూపించాను. మనమే నీళ్లలో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలని ఒప్పించాను. ఒప్పుకున్నాక ఆమె చట్టం ఇంకా గట్టిపడింది. స్టూలు వేసుకుని గిన్నె పక్కనే కాపలా కూర్చుంది. పిల్లిని కూడా వంటింటి గడప దాటనివ్వలేదు.

రెండోసారికి నేను లెక్క వేసుకున్నాను. నోరు రెండు వేళ్లు. కాబట్టి తునక మందం వేలున్నర. మటన్ దుకాణంలో తొడ భాగం ఎముక లేకుండా ఇమ్మని, "కొట్టకు అన్నా, గట్లనే ఇయ్యి" అని ముద్దగా తెచ్చుకుని, స్కేలు పక్కన పెట్టుకుని కోశాను. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించాను. కారం వేయలేదు. ఒక పగలూ రాత్రీ గడిచాక తీసి, కొబ్బరి గసాల పులుసులో ఒకసారి తిప్పి ఆయన పళ్లెంలో వేశాను.

ఆయన తునకను చాలాసేపు చూశాడు. పళ్ల మధ్యకు తీసుకున్నాడు. పోయింది. పళ్లు కలిశాయి. రెండుసార్లు నమిలి కళ్లు మూసుకున్నాడు.

"ఇంకో రెండు తునకలెయ్యి" అన్నాడు.

వేసి వంటింట్లోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆ రోజే తమ్ముడికి ఫోన్ చేసి, ఒడిబియ్యానికి రోజు చూసుకోమన్నాను.

మధ్యలో ఒక నెల పైన గడిచింది. ఆయన ఇంట్లో తినడం తగ్గించాడు. అడిగితే, "రేగొండల హోటల్ల తిన్న" అనేవాడు. బయట నలుగురిలో కూర్చుని తినే ధైర్యం వచ్చిందని నేను మురిసిపోయాను. లెక్కలు చెప్పే మనిషిని, ఆ ఒక్క లెక్క మాత్రం సరిచూసుకోలేదు.

మానుకోట పోయి ఒడిబియ్యం పోయించుకుని వచ్చాను. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. అందరికీ మామూలు కూర, ఆయనకు యంత్రం కూర. శనివారం మధ్యాహ్నమే అదే మందంలో కోసి నీళ్లలో దించాను. అత్త స్టూలు ఎక్కింది. ఆదివారం పొద్దున పులుసుకు కొబ్బరి నూరుతుంటే మిక్సీ ఆగిపోయింది. యంత్రం మీద అంకెలు పోయాయి.

"నేనేం ముట్టలే" అంది అత్త, ఇంకా ఎవరూ ఏమీ అనకముందే.

మళ్లీ మాంసం తెచ్చి మొదలుపెట్టడానికి పొద్దు లేదు. గిన్నెకు దుప్పటి చుట్టాను. పొయ్యి మీద నీళ్లు కాచి, చల్లారిన నీళ్లు కొన్ని తీసేసి, వేడివి పోస్తూ నిలబడ్డాను. నీళ్లెంత వేడిగా ఉన్నాయో చెప్పే అంకెలే లేవు. అత్త నిమిషానికోసారి, "వచ్చిందా? వచ్చిందా?" అంటుంటే, ఆమె మీద అరవకుండా ఉండడానికి పళ్లు కొరుక్కున్నాను. ముప్పావుగంటకు కరెంటు వచ్చింది. పరుగెత్తి నొక్కాను. అరవై రెండు చూపించింది. నేను పెట్టింది అరవై అయిదు. మూడు డిగ్రీలే తగ్గింది. అత్త నా కంటే పెద్దగా నిట్టూర్చింది.

మధ్యాహ్నం బంతి వేశాం. మా తమ్ముడు, పక్కన మా ఆయన, ఆ పక్కన ఆయన అన్న, తర్వాత చుట్టాలు. పసుపుపచ్చటి అన్నం విస్తళ్లలో పడింది. ముందు తమ్ముడికి తునక వేశాను, తర్వాత మా ఆయనకు. తమ్ముడు నోట్లో పెట్టుకుని బావ వైపు చూశాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

ఆయన తునకను పళ్ల దాకా తీసుకుపోయాడు. అది అక్కడే ఆగిపోయింది. పక్కకు తిప్పాడు, పోలేదు. పెదవుల మీద నుంచి పులుసు గడ్డానికి కారింది. దించాడు, మళ్లీ ఎత్తాడు.

నా కొలత తప్పలేదు. అదే స్కేలు, అదే వేలున్నర. నెల కింద పోయిన తునక ఇప్పుడు పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో గరిటె పట్టుకుని నిలబడ్డ చోటే నాకు అర్థమైంది. ఒళ్లు మండింది. వాళ్లమ్మ తల మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

"ఉడకలేదారా?" అంది అత్త.

ఆయన అన్న నవ్వాడు. "నీళ్లల్ల ముంచితె ఏం ఉడుకుతదవ్వా? మిషన్లు గిషన్లు అంటె గిట్లనే ఉంటది."

తమ్ముడు కూడా మెల్లగా, "గట్టిగున్నదా బావా?" అని అడిగాడు.

మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆయనకు తప్పించుకునే దారి దొరికింది. ఉడకలేదు అంటే చాలు. నా యంత్రం మీద నాలుగు నవ్వులు నవ్వుకుని అందరూ తినేస్తారు, ఆయన నోరు గురించి ఎవరికీ తెలియదు. నేను కూడా అందరి ముందు కాదనను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒడిబియ్యం తినే రోజు మొగుడి పరువు తీస్తానా? కానీ ఆ మాట గనక అంటే, ఆ మనిషితో నేను మళ్లీ మామూలుగా మాట్లాడలేనని కూడా అప్పుడే అనిపించింది. గరిటె నుంచి పులుసు బొట్లు నా కాలి మీద పడుతున్నా కదలలేదు.

ఆయన తునకను విస్తట్లో పెట్టి రెండు వేళ్లతో ఒత్తాడు. వెన్నలా విడిపోయింది.

"ఉడికింది" అన్నాడు. "తునక మంచిగనే ఉడికింది. నా నోరే తెరుస్తలేదు."

ఆయన చొక్కా జేబులోంచి రెండు ప్యాకెట్లు తీసి విస్తరి పక్కన పెట్టాడు. "మల్ల తింటున్న. నెల దాటింది. అవ్వా, నీ మీద ఒట్టు తప్పిన." వాళ్లమ్మ వైపు మాత్రం చూడలేకపోయాడు. మా తమ్ముడి వైపు తిరిగి, "బామ్మర్ది, నన్ను రేపు పెద్ద దవాఖానకు తోల్కపోతవా? ఒక్కన్ని పోతె నడుమల్నే మళ్లొస్త" అన్నాడు.

"పోదాం బావా. రేపు నేను ఊరికి పోను, ఇక్కడ్నే ఉంట" అన్నాడు తమ్ముడు.

ఆయన చీల్చిన తునకలోంచి చిన్న ముక్క తీసి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. అప్పుడు అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇగ అందరికి వడ్డించు బిడ్డా" అంది. వడ్డించాను. తిట్టడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో లెక్కలేదు.

అందరూ లేచాక ఆయన పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే దగ్గరికి పోయాను. "నోరు తెరువు" అన్నాను. బడిపిల్లాడిలా తెరిచాడు. తన వేళ్లు పెట్టుకోవడానికి భయపడుతున్నాడని అర్థమై, నా వేళ్లే పెట్టాను. ఆయన వేళ్ల కంటే నావి సన్నం. అయినా ఒకటి పట్టింది, రెండోది పళ్ల దగ్గరే ఆగింది. అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు, నాకు భయం వేసింది. ఆయన నోరు మూయకుండా అలాగే నా మొహంలోకి చూస్తూ, ఎన్ని పట్టాయో నేను చెప్తానని ఎదురుచూస్తున్నాడు.

"రేపు నేను గూడ వస్త" అన్నాను.