పలక చల్లబడిన చరణం

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా దాన్ని రాజంపేటలో మా అమ్మ దగ్గర వదిలి, పరాయి దేశం పోయి ఒక పాట పాడి వచ్చాను. అది అంతర్జాతీయ పాటల పోటీ. మా బ్యాండు పోటీకి నిలబడటం అదే మొదలు. మా ఆయన గిటారు, ఆయన స్నేహితుడు డ్రమ్స్, పత్తికొండ దగ్గర పల్లెలో ఉండే మా పెదమామ పలక. కోస్తా వాళ్లు డప్పు అనేదాన్నే మేం పలక అంటాం. పాడేది నేను.

పాట పలకతోనే మొదలవుతుంది. ఆ దెబ్బ మీదే నా గొంతు లేస్తుంది. గిటారు తప్పినా సర్దుకుంటాను గానీ, పలక లేకుండా ఆ పాట ఒక్కసారి కూడా పాడలేదు. పాలు తాగే బిడ్డను వదిలి వచ్చి, అంతమంది ముందు గొంతు మూగబోతే ఏ ముఖంతో ఇంటికి పోవాలి? విమానంలో పెట్టిన అన్నం ముట్టలేకపోయాను.

అక్కడ వాన, చలి. పోటీ రోజు మధ్యాహ్నం హాలు వెనక గదిలో మామ సంచి విప్పి పలక మీద వేలితో కొట్టాడు. తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. మేకతోలు చెమ్మ పట్టింది. మా దగ్గర పలకను మంటకు కాపకుండా ఎవరూ వాయించరు. వేడికి తోలు బిగిస్తేనే మోగుతుంది. మామ ఎవరినీ అడగకుండా బల్ల మీది కాగితాలు పోగేసి, ఇనుప చెత్తడబ్బాలో వేసి అగ్గిపుల్ల గీశాడు.

హాలంతా గంటలు మోగాయి. కాపలావాళ్లు పరుగున వచ్చి డబ్బా మీద నురగ కొట్టారు.

"ఏం మామా, ఒక మాట అడగద్దా?" అన్నాను.

"అడిగితే మంట పెట్టనిస్తారా పాపా?"

"ఇంగ మనల్ని ఇంటికి తోలేస్తారు సూడు," అన్నాడు మా ఆయన.

"తోలితే పోదాంలేప్పా. ఇంటికాడ బిడ్డ ఏడుస్తాంటాది," అన్నాడు మామ.

నాకు నవ్వు రాలేదు. నిర్వాహకురాలు వచ్చి అగ్గిపెట్టె తీసేసుకుంది. ఇంకోసారి మంట కనబడితే పోటీలోంచి తీసేస్తామంది. మా వంతుకు ఇంకా పావుగంటే ఉంది. మామ వేదిక అంచున నిలబెట్టిన పెద్ద లైటు ముందు చెయ్యి పెట్టి చూశాడు. "శానా కాక ఉండాది," అంటూ పలకను దానికేసి పట్టాడు. తోలు మెల్లగా బిగిసింది.

మొదటి చరణం బాగానే సాగింది. రెండోదానికి ముందు దెబ్బ మెత్తబడింది. పక్కకు చూసేసరికి మామ వాయించడం ఆపి, నాకు వీపు పెట్టి, ఆ లైటు దగ్గరికి నడుస్తున్నాడు. మా జాతరల్లో పలక చల్లబడితే పాట మధ్యలోనే పోయి మంటకు కాపుకుని వస్తారు. ఎవరూ తప్పు పట్టరు. మామకు ఇదీ అలాంటి చోటే. ఆయనకు ఏమైందోనని మా వాళ్లిద్దరూ చేతులు ఆపేశారు.

రవిక తడిసింది, అది చెమట కాదు. ఒక్క క్షణం ఆగితే ఇక నోరు పెగలదని తెలుసు. పాడాను. హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ఆ చరణం ఎంతకీ అయిపోలేదు. చివరి మాట దగ్గర మామ తిరిగొచ్చి కొట్టిన దెబ్బకు ముందు వరుసలో ఒకామె ఉలిక్కిపడింది.

బహుమతి రాలేదు. మర్నాడు మాత్రం అందరూ మామ అలా లైటు వైపు తిరగడం గురించే అడిగారు. అదేదో సూర్యుడికి చేసే పూజ అనుకున్నారట.

"పూజ ల్యా, ఏం ల్యా. సల్లబడింటే కాపుకొంటి," అన్నాడు మామ.

"నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతివే. నేను ఆగిపోయింటే?" అన్నాను.

"యాడ ఆగుతావు? నీ కాలు కొడతానే ఉండె గదా."

గదికి వచ్చి చెప్పు విప్పి చూసుకున్నాను. కుడి మడమ కమిలి ఉంది. ఆ చరణమంతా నేలను తన్నుతూ పాడానని నాకు తెలియదు. తర్వాత చాలా చోట్ల పాడాను. ఆ చరణం వచ్చేసరికి ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.