పిన్ని గోడమీది రెండు క్యాలెండర్లు

మంగళవారం పొద్దున సాల్ట్ లేక్‌లోని ప్రయోగశాల నుంచి ఫోను వచ్చింది. మా పిన్ని టీ అడిగి కుర్చీలో కూర్చుందట. టీ వచ్చేసరికి ప్రాణం లేదు. రిటైరై చాలా ఏళ్లయినా ఆవిడ అక్కడికి వెళ్లడం మానలేదు. వార్తలు రాయడం నా ఉద్యోగం కాబట్టి, ఆవిడ గురించి కూడా నాకు తెలిసినవే రాస్తాను.

పిన్ని బెంగాల్లోనే, లిలువా రైల్వే క్వార్టర్సులో తెలుగువాళ్ల మధ్య పెరిగింది. తాతయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. పిన్ని మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధకురాలు. అయినా మనవాళ్లందరికీ డాక్టరమ్మే. ఆవిడ పనంతా ఎండోమెట్రియోసిస్ మీద. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోను దాన్ని పోషిస్తుంది. గ్రోత్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు దానికి కొత్త రక్తనాళాలు ఏర్పడేలా చేస్తాయి. ఈ రెంటినీ ఆడవాళ్ల రక్తంలోనూ, పొట్టలోని ద్రవంలోనూ కొలిచేది.

వంకాయలు తరుగుతూ నాకు ఇలా చెప్పింది: "హార్మోను నీళ్లనుకో, గ్రోత్ ఫ్యాక్టరు ఎరువనుకో. మొక్క మొలవకూడని చోట మొలిచింది. అదీ గొడవ."

ఒక ఆదివారం టికియాపారా నుంచి అత్తాకోడళ్లు లిలువా ఇంటికి వచ్చారు. కోడలు అంతకుముందే పిన్ని పరిశోధన కోసం రక్తం ఇచ్చింది. హార్మోన్లలో తేడా ఏమీ కనబడలేదని ఆమెకు చెప్పారు. అత్తగారు గుమ్మంలోనే మొదలెట్టింది.

"అన్నీ బాగున్నాయట కదా డాక్టరమ్మా! మరి నెలనెలా ఈ గుంట మంచమెక్కే నాటకమేటి? నేకపోతే పుట్టింటికి పంపేస్తాను, అక్కడే పడుకుంటాది."

పిన్ని కోడలి వైపు తిరిగింది. ఆమె చెప్పిన నెలసరి తేదీకీ రక్తంలోని హార్మోను అంకెలకీ పొంతన లేదని పిన్నికి అప్పటికే అనుమానం. "రక్తమిచ్చిన నెల మాత్రలేమైనా వేసుకున్నావేటమ్మా?"

జవాబు అత్తగారే ఇచ్చింది. "దానికేటి, నెలసరి వెనక్కెళ్లడానికి నానే కొనిచ్చాను. అమ్మోరి పండగకి ఘటమెత్తాల. మొక్కుంది."

"ఆ మాత్రే హార్మోను, వదినా. మేం కొలిచింది నీ కోడలి ఒంటిని కాదు, నువ్వు కొన్న మాత్రని," అని పిన్ని నవ్వేసింది. తర్వాత కోడలిని అడిగింది. "మొక్కు దేనికి?"

"పిల్లల కోసరమే కదేటి?" అంది అత్తగారు.

కోడలు తల అడ్డంగా ఊపింది. "కాదత్తా. నొప్పి తగ్గాలని."

పిన్ని మెల్లగా చెప్పింది: మాత్ర లేకపోయినా, రక్తంలో అంకెలు బాగున్నంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూడాలి. తర్వాతి వారం కోడలిని ఆసుపత్రికి తీసుకెళ్లింది అత్తగారే. కెమెరాకు జబ్బు కనబడింది. పుట్టింటి మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఆ తర్వాత పిన్ని చేసిన పనంటే నాకు ఇంకా గర్వం. పండగల రోజుల్లో రక్తమిచ్చిన వాళ్లందరినీ మళ్లీ అడిగింది. పూజకని మాత్ర వేసుకున్నవాళ్లు బెంగాలీల్లోనూ ఉన్నారు. ఆ నమూనాలన్నీ లెక్కలోంచి తీసేసింది. "దీదీ, ఇన్ని నెలల పని!" అని తోటి శాస్త్రవేత్త తల పట్టుకున్నాడు. "దాదా, తప్పని తెలిశాక ఎలా ఉంచను?" అంది. మాత్ర సంగతి చెప్పనివాళ్లను తప్పుపట్టలేదు. "అడగంది మనం," అంది. ఏ అంకెనైనా రాసేముందు ఆ రెండు మాటలు నాకు గుర్తొస్తాయి.

అప్పటినుంచి ప్రయోగశాల ఫ్రీజరు పక్క గోడకు రెండు క్యాలెండర్లు వేలాడాయి: ఒకటి తెలుగు, ఒకటి బెంగాలీ. పండగల చుట్టూ పిన్ని ఎర్ర పెన్నుతో గీసేది. రక్తం తీసేముందు ఏ పండగ దగ్గర్లో ఉందో చూసి, మాత్ర సంగతి అడగాలి. అది అక్కడ నియమమైంది.

ఆవిడ కళ్లజోడు తెచ్చుకోవడానికి నిన్న వెళ్లాను. కొత్త నెల మొదలైంది. పిన్ని దగ్గర పని నేర్చుకున్న బెంగాలీ అమ్మాయి తెలుగు క్యాలెండరు పేజీ తిప్పుతోంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, "ఇందులో మీ పండగలేవి?" అని అడిగింది. ఒక్కొక్కటీ చదివి గీశాను. ఆమె పక్కనే నిలబడి, ప్రతి గీత కింద బెంగాలీలో పేరు రాసుకుంటూ వచ్చింది.