ఎడమ వైపు వినపడని పాట

పోయిన నెలలో ఒక ఆన్‌లైన్ ఛానెల్ యాంకరు కెమెరా, రెండు లైట్లు, ఒక తెల్ల గొడుగు మోసుకుని చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చి, హిప్ హాప్ ప్రొడ్యూసర్లు కష్టాలను దాటుకుని ఎలా పైకొచ్చారన్న విషయం మీద వరసగా కార్యక్రమాలు చేస్తున్నామని, అందులో నాదొకటి ఉండి తీరాలని పట్టుబట్టాడు. నేను నా పద్ధతిలో మొదలుపెట్టి నాలుగు మాటలు చెప్పానో లేదో, మధ్యలో ఆపి, పస్తులున్న రోజులేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను, మా అమ్మ మూడు పూటలా పెట్టింది, నేను తిన్నాను. ఫుట్‌పాత్ మీద పడుకున్నారా అన్నాడు. అదీ లేదన్నాను. అతని మొహం వాడిపోయింది. "సార్, జర పెయిన్ కావాలె సార్," అన్నాడు, హోటల్లో చట్నీ ఇంకాస్త వేయమన్నట్టు.

చివరికి నాకు ఎడమ చెవి పుట్టెడు చెవుడని తెలిసేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే ‘ఒక్క చెవి, వేయి రాగాలు’ అని పేరు పెట్టేశాడు. ఆ చెవి పోవడమే నాకు వరమైందని నా నోటితో ఒక్కసారి అంటే చాలన్నాడు, కళ్లు కాస్త తడిస్తే ఇంకా మంచిదన్నాడు. గొడుగు మడుచుకుని వెళ్లమన్నాను. ఆ వరం ఎలాంటిదో అతనికి చెప్పడం దండగ. మన వయసువాళ్లకైతే చెప్పవచ్చు.

హిప్ హాప్ అనగానే మన ఈడువాళ్లు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. అది పాడటం కాదు, తాళం మీద మాటలు దంచడం. ఆ మాటల కింద నడిచే దరువునూ గుండెల్లో మోగే లోతు శబ్దాన్నీ అల్లి, అన్నిటినీ కలిపి పాటగా తయారుచేసేవాణ్ని ప్రొడ్యూసర్ అంటారు. సినిమావాళ్ల లాగా పెట్టుబడి పెట్టేవాడు కాదు. మా నాన్నగారికి ఈ తేడా పదేళ్లు చెప్పినా ఎక్కలేదు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన గుమాస్తా మనిషి ఆయన; నేను చేసేదాన్ని సంగీతమనడం సంగీతానికే అవమానమని ఆయన ఉద్దేశం.

నాకు తొమ్మిదో ఏట గవదబిళ్లలు వచ్చి, బుగ్గ వాపు తగ్గింది కానీ ఎడమ చెవి మాత్రం తిరిగి రాలేదు. అమ్మ ఆ సంగతి బయట ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. రేపు పిల్లనెవరిస్తారన్నది ఆమె బెంగ. ఆ ఒట్టును నేను పెద్దయ్యాక కూడా ఎంత శ్రద్ధగా పాటించానంటే, ఎవరి పక్కన నడిచినా వాళ్లు నా కుడివైపు ఉండేట్టు అడుగులు మార్చుకోవడం, బస్సులో సీటు చూసుకుని కూర్చోవడం, వినపడనప్పుడు నవ్వి తలూపడం నాకు ఒంటికి పట్టిన విద్యలైపోయాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తలూపే మనిషి మీద నాకు ఏ మాత్రం జాలి కలగదు.

చదువు అయిందనిపించి, చిక్కడపల్లిలో పెళ్లిపత్రికల దుకాణం పై అంతస్తులో ఉన్న ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరాను. దీక్షల కాలంలో భజన క్యాసెట్లు, ఎన్నికల కాలంలో పార్టీ పాటలు, మిగతా రోజుల్లో ఆటోల మీద వాయించే ప్రకటనలు, ఇదీ అక్కడి వ్యాపారం. దాని యజమానికి సంగీతం రాదు. అది వచ్చినవాళ్లను కసరడం మాత్రం బాగా వచ్చు. గాయకులను నిలబెట్టి, తాను కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని శ్రుతి పోయిందని అనేవాడు. ఎక్కడ పోయిందో చెప్పమంటే మాత్రం కోపం వచ్చేది. కంప్యూటర్ మీద పాటలు కలిపే పని నాది. గదిలో స్పీకర్లు పెట్టి వింటే రెండు వైపుల శబ్దమూ ఎలాగోలా నా కుడి చెవికి చేరేది కాబట్టి మూడేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. భోజనాల వేళ ఆయన ఇంటికి వెళ్లగానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని నా దరువులు నేను అల్లుకునేవాణ్ని.

ఆ స్టూడియోకు ఆదివారాలు జానపద పాటల కోరస్‌కు ఒక అమ్మాయి వచ్చేది. అమ్మా నాన్నా మహబూబ్‌నగర్ వైపు నుంచి భవనాల పనికి వచ్చి, అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఉండేవారు. ఇంటర్‌తో చదువు ఆపి, నారాయణగూడలో ఒక చీరల దుకాణంలో పని చేసేది. ఒకనాడు కోరస్ మధ్య విరామంలో, తన తండ్రిని మేస్త్రి ఎలా తిడతాడో తోటి అమ్మాయిలకు వేళాకోళంగా చెబుతోంది. వరస తప్పకుండా, ఊపిరి తీసుకోకుండా, ప్రతి నాలుగో మాట దగ్గరా ప్రాసతో కొట్టి ఆపుతూ చెబుతోంది. నేను చేతిలో పని వదిలేశాను. ఏడాదిగా నేను అల్లుతున్న దరువులు ఏ మాటల కోసమో నాకు ఆ రోజు తెలిసింది.

ఇద్దరం కలిసి కూలీల అడ్డా మీద ఒక పాట కట్టాం. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలుస్తారా అని ఎదురుచూసే మనుషుల పాట. మాటలన్నీ ఆమెవే, వాళ్ల ఇంటి మాటలే. నారాయణగూడలో ఒక కాలేజీ హాల్లో యువతకు పాటల పోటీ పెట్టారు. గెలిచినవాళ్ల చేత ఒక ఆల్బమ్ చేయిస్తామన్నారు. పేరు ఇచ్చాం. పోటీ రోజు పొద్దున నేను హెడ్‌ఫోన్లలో చివరి మార్పులు చేసి సీడీ తీశాను. ఆమె ఒకసారి తానూ వింటానంది. టైము లేదన్నాను. టైము ఉంది. నా పనిని ఇంకొకరి చెవికి ఒప్పజెప్పడం నాకు నామోషీ, అదీ అసలు సంగతి.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పని తొందరగా అవుతుందని ఒక పాత భజన పాట ఫైలు మీదే మా పాటను కట్టాను. అందులోని భజన బృందం గొంతులు పూర్తిగా ఎడమ వైపుకు నెట్టి ఉన్నాయి. వాటిని తీసేశాననుకున్నాను, పాట సగం నుంచి అవి అలాగే ఉన్నాయి. హెడ్‌ఫోన్లలో ఎడమ వైపు ఏం మోగినా నాకు ఒకటే. హాల్లో పాట సగానికి వచ్చి, ఆమె మైకు ముందు నిలబడి, పిలిచేవాడు రాక ఖాళీ టిఫిన్ డబ్బాతో ఇంటికి మళ్లిన మనిషి గురించి చెబుతుండగా, ఎడమ స్తంభం దగ్గరి పెద్ద స్పీకరులోంచి తాళాలతో సహా శరణుఘోష మొదలైంది. హాల్లో కాబట్టి అది నా కుడి చెవికి వినపడింది. అప్పుడే మొదటిసారి విన్నాను.

జనం పడీ పడీ నవ్వారు. పాటల జ్ఞానం గురించి అంతకు ముందే అరగంట ఉపన్యసించిన న్యాయనిర్ణేతలు కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకాయన చేతులు జోడించి దణ్ణం కూడా పెట్టాడు. ఆమె మాత్రం ఆపలేదు. ఒక్కసారి నా వైపు చూసి, మిగిలిన పాటంతా ఒక్క మాట తడబడకుండా పూర్తిచేసి దిగిపోయింది.

మా యజమాని కూడా ఆ హాల్లో ముందు వరసలో ఉన్నాడు. శ్రుతి పట్టలేని ఆ మనిషి నా ఎడమ చెవి సంగతి మాత్రం ఇట్టే పట్టేశాడు. మరుసటి ఆదివారం కోరస్ వాళ్లందరూ ఉండగా నన్ను పిలిచి, కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చానని, పెట్టుకుని శబ్దం ఎలా ఉందో చెప్పమన్నాడు. పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. నాకు వచ్చిన విద్య ప్రదర్శించాను. నవ్వి, తలూపి, చాలా క్లీన్‌గా ఉంది సార్ అన్నాను. గది గదంతా నవ్వింది. ఆయన అయితే కుర్చీ చేతిని చరుచుకుంటూ నవ్వాడు.

మెట్ల మీద ఆమె నన్ను ఆపింది.

"‘చెవిటోడా, రేపటి సంది రాకు’ అని రికార్డు చేసి ఎడమ దిక్కు పెట్టిండన్న, నువ్వు రాకముందే మాకందరికి ఇనిపిచ్చిండు. నువ్వేమో క్లీన్‌గ ఉందంటివి."

ఆమె గొంతు పెంచలేదు.

"మా నాయినకు గూడ గంతే. బ్రేకర్ మిషన్ కొట్టీ కొట్టీ ఒక చెవి వొయింది. నువ్వు తలకాయ తిప్పుడు చూసిన్నాడే నాకు సమజైంది."

మరి ఎందుకు అడగలేదని అన్నాను.

"నువ్వే చెప్తవని ఆగిన. నువ్వు చెప్పకపోతివి, నన్ను తీస్కపోయి నవ్వేటోళ్ల ముంగట నిలవెడ్తివి."

ఆ మాటతో దిగి వెళ్లిపోయింది. యజమాని చేసింది అవమానమైతే, నేను ఆమెకు చేసింది అంతకంటే నీచమైన పని అని నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది.

తర్వాత ఆ చుట్టుపక్కల ఏ స్టూడియో మెట్లెక్కినా నా కథ నాకంటే ముందే వచ్చి కూర్చునేది. ఇంట్లో నాన్నగారు, ఇప్పటికైనా గ్రూప్స్‌కు కూర్చుంటావేమో అన్నారు. అశోక్‌నగర్‌లో ఒక గది తీసుకున్నాను, ఆయన సంతోషించారు. ఆ వీధిలో అందరూ గ్రూప్స్‌కు చదివేవాళ్లే, నా ఒక్క గదిలోంచే దరువు. గోడ అవతలివాళ్లు వారానికోసారి వచ్చి, తాము రేపు ఆఫీసర్లమయ్యాక నన్నేం చేస్తారో ముందుగానే చెప్పి వెళ్లేవారు.

ఆ గదిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎడమ, కుడి అన్న రెండు వైపులనూ కలిపి ఒకటే చేసి, పాడైపోయిన రేడియోలోంచి తీసిన ఒక్క స్పీకరు మీద పాట మొత్తం నిలబెట్టడం. రెండు వైపులకు పంచుకునే వీలుంటే శబ్దాలను ఎలాగైనా సర్దవచ్చు. ఒకే స్పీకరులో దరువు మాటను తొక్కేస్తుంది, మాట దరువును మింగేస్తుంది. ఏది ఎప్పుడు తప్పుకోవాలో ప్రతి క్షణానికీ తేల్చాలి. అడ్డా పాటను రెండు నెలల పాటు అలా మళ్లీ మళ్లీ కట్టాను.

ఒక ఆదివారం ఆ స్పీకరు, ప్లేయరు సంచిలో పెట్టుకుని బస్తీకి వెళ్లాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. వాళ్ల నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాకు ఎడమ చెవి వినపడదని, తొమ్మిదో ఏటి నుంచీ ఇంతేనని, పోటీ రోజు ఆమెను పాట విననివ్వకపోవడం నా తప్పని, అదంతా వాళ్లిద్దరి ముందూ గట్టిగా చెప్పాను. గట్టిగా ఎందుకంటే ఆయనకూ వినపడాలి కదా. ఒకరితో ఆ మాట చెప్పడం నా జీవితంలో అదే మొదలు. తర్వాత పాట పెట్టాను. ఆయన బాగున్న చెవిని స్పీకరు వైపు తిప్పాడు, నేనూ తిప్పాను. మా ఇద్దరి తలలూ ఒకే వాటంగా వంగి ఉండటం చూసి ఆమె ఆపుకోలేక నవ్వింది.

పాట అయ్యాక ఆయన కూతురితో అన్నాడు: "గిప్పుడు మాటలు సాఫ్ ఇనొస్తున్నయి బిడ్డ."

ఆ రోజు నుంచి ప్రతి పాటకూ ఆమె నా ఎడమ వైపు కూర్చుంది. ఏది ఎక్కువైంది, ఏది చెత్త, మొహమాటం లేకుండా చెప్పేది. అడ్డా పాట ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఆటోలకు, చవక ఫోన్లకు ఉండేది ఒక్క స్పీకరే. పెద్ద స్టూడియోల పాటలు అందులో సగం చచ్చి వినపడేవి, మాది నిండుగా మోగేది. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆగిన ఆటోలో నా దరువు నేనే వింటూ నిలబడిపోయిన సాయంత్రం ఒకటి ఉంది. అదేదో దైవసంకల్పమని యాంకరు అంటాడు. మా దగ్గర రెండో స్పీకరు లేదు, అంతే.

పనులు వచ్చాయి. అడిక్‌మెట్‌లో ఒక చిన్న గదిలో మా స్టూడియో పెట్టాం. పాత యజమాని కూడా పార్టీ పాట కోసం వచ్చాడు. వీడు నా చేతుల్లో పెరిగినవాడని పక్కవాళ్లతో చెప్పాడు, నా భుజం కూడా తట్టాడు. ఆయన మీద నాకున్న అసహ్యం కంటే, తట్టించుకుని ఊరుకున్న నా మీద నాకు కలిగిన అసహ్యమే ఎక్కువ. పని ఒప్పుకున్నాను. ఆమె ఒక్క మాటే అంది: "నువ్వు చేస్తే చెయ్యన్న, నా గొంతు ఇయ్య." ఇవ్వలేదు. ఆ పాట ఎవరికీ గుర్తులేదు. కొన్నేళ్లకు ఆమె సొంతంగా పాటలు తయారుచేయడం మొదలుపెట్టి, ఈ రోజు నాకంటే పెద్ద పేరు సంపాదించింది. న్యాయం అంటే అదే.

ఈమధ్య కొత్తవాళ్లు తమ పాటలు నాకు పంపుతుంటారు. పరికరాలు మేం కలలో కూడా చూడనివి. పడకలో పడుకుని ఫోన్‌లోనే చేసేస్తున్నారు. పాటకంటే ముందు తమ కష్టాల జాబితా పంపుతారు, అది మాత్రం శ్రద్ధగా రాస్తారు. విన్నవాళ్లంతా కింద మంటల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పెడతారు. సగం పాట కూడా వినకుండానే పెడతారని నాకు తెలుసు. మా రోజుల్లో జనం మొహం మీదే నవ్వేవాళ్లు, క్రూరంగా నవ్వేవాళ్లు. ఆ మనుషులను నేను ఈనాటికీ క్షమించలేదు. కానీ నవ్వడానికైనా వాళ్లు చివరిదాకా విన్నారు. ఇప్పుడు ఎవరి పాటలోనైనా సగం నుంచి ఒక భజన మోగుతూ ఉంటే, పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పే మనిషి ఉంటారా అని ఆలోచిస్తాను. ఎంత వెతికినా ఒక్కరూ తట్టడం లేదు.