కిటికీలో గ్లాసు

లసుమవ్వ గిన్నెలు తోముతుంటే బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఆ పాత ఇల్లు మోగిపోయేది. సల్హా అనే యూదుల ముసలామె ఇంట్లో పనికి కుదిరి ఆరు నెలలైనా లసుమవ్వ కోపం చల్లారలేదు. శుక్రవారం పొద్దుగూకకముందే దీపాలు పెడతారు, శనివారం పొయ్యి వెలిగించరు, పోనీ. కానీ వంటింట్లో రెండు అలమరలు, నీలం అంచు గిన్నెలు వేరు, తెల్లవి వేరు. కలపొద్దని మొదటిరోజే చెప్పారు. ఎందుకని లసుమవ్వ అడగలేదు. ఊళ్లో హోటల్ చూరులో తనవాళ్లకని వేరే గ్లాసు చూసి పెరిగిన మనిషి ఏమని అడుగుతుంది? ఎవరో ఇచ్చేదాకా ఆగకుండా తన స్టీలు గ్లాసు తానే తెచ్చుకుని కిటికీలో పెట్టుకుంది.

ఒకరోజు మాంసం కూర కలిపిన గరిటె కడిగి పెరుగులో ముంచబోతే సల్హా చటుక్కున లాక్కుంది. "నా చెయ్యి తాకితే మైలైతదా మేడం?" లసుమవ్వ వచ్చీరాని హిందీలో అరిచింది. బొంబాయిలో చదివిన సల్హా కూడా హిందీలోనే అరిచింది. "చెయ్యి కాదే, గరిటె! మాంసం ముట్టింది పాలకు ముట్టొద్దు. తెల్లవి మాంసానికి, నీలం అంచువి పాలకు. మా మతంలో అంతే, నాకైనా అంతే."

"మరి మనుషులకు?"

"మనుషులకు అలమరలెందుకు?" సల్హా విసుక్కుంటూ కిటికీలోని గ్లాసు తీసి, చాయ్ పోసుకుని తాగింది.

లసుమవ్వ ముఖం ఇంకా ఎర్రబడింది, ఈసారి సల్హా మీద కోపంతో కాదు. "మా ఊళ్ల గా హోటలోడు ఇంకా బతికే ఉన్నడు. సెలవుకు పోతే లోపట కూసుంట, ఆని గ్లాసులనే తాగుత," అంది పళ్లు బిగించి. గ్లాసు కడిగి, నీలం అంచు గిన్నెల పక్కన ఠంగున పెట్టింది.