మా వదిన అడిగింది టీ గురించి కాదు

మా వదిన ఆ రోజు టీ గురించి అడగలేదు. ఆమె అడిగింది విశ్వంలోకెల్లా పాత వెలుగు గురించి. టీ సంగతి నా కల్పన. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు.

మాది తెలుగునేల సరిహద్దు దాటగానే, కొంటా దగ్గర, శబరి ఒడ్డున ఓ ఊరు. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లి, ఆఫీసులో హిందీ. మూడు భాషలూ గడగడా వచ్చినవాణ్ని కాబట్టి ఏ క్యాంపు పెట్టినా మైకు పక్కన నన్ను నిలబెడతారు. దోమతెరల సాబు, టీకాల మేడం, వరి విత్తనాలాయన, అందరి మాటా నా నోటి గుండానే ఊళ్లోకి వస్తుంది. అందులో నాకో దురలవాటు ఉంది. సాబు అరగంట చెప్పింది నేను రెండు ముక్కల్లో తేల్చేస్తాను. దోమతెరల ఉపన్యాసం మొత్తాన్ని "కట్టుకొని పడుకోండి, దాంతో చేపలు పట్టకండి" అని ముగించింది నేనే. జనం చప్పట్లు కొట్టారు. తన ఉపన్యాసం అంత బాగుందని సాబు పొంగిపోయాడు.

పోయిన చలికాలం సైన్సు బండి ఒకటి వచ్చింది. బడి ఆవరణలో తెర కట్టారు. ముందు కుర్చీల్లో మా మాటలు సరిగా రాని హిందీవాళ్లు: మాస్టార్లు, దుకాణాలవాళ్లు, బీడీలకు తునికాకు కొనే కల్లంలో లెక్కలు రాసే మున్షీ. వెనక పట్టాల మీద ఆడవాళ్లు. వాళ్ల మధ్య మా అన్న భార్య, మా వదిన. మహిళా సంఘంలో ఆమెదే పెద్ద గొంతు. ఆకు కొనేటప్పుడు మున్షీ "పలచగా ఉంది" అని ఎవరి కట్టనైనా పక్కకు తోస్తే, దాన్ని అరిచి మళ్లీ కుప్పలోకి చేర్పించేది ఆమే.

బండితో వచ్చిన కుర్ర సారు తెర మీద ఓ మచ్చలమచ్చల గుడ్డు బొమ్మ వేశాడు. అది అన్నిటికన్నా పాత వెలుగు పటమట. విశ్వం పుట్టినప్పుడు గురుత్వాకర్షణ తరంగాలు కూడా లేచి ఉండాలట. స్థలమే వణికే అలలు. అవి ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు. దొరికితే వాటికీ ఓ పటం గీసి, ఈ వెలుగు పటం పక్కన పెట్టి చూస్తారట. దారిలో ఉన్న ఎగుడుదిగుళ్లు రెండింటి మీదా గుర్తులు వేస్తాయి కాబట్టి రెండు పటాలూ చాలావరకు కలవాలట.

నేను మైకు అందుకున్నాను. "ఇద్దరు మనుషులు కొంటా నుంచి ఒకే దారిన నడిచొచ్చారు. ఇద్దరి కాళ్లకూ అదే ఎర్రమట్టి ఉండాలా, వద్దా? సారు ఆ మట్టి పోల్చి చూస్తాడంట."

వెనకంతా నవ్వారు, తలలూపారు. నాకు నేనే ముద్దొచ్చాను. ఆ ఊపులో, సారు ఏదో పొగమంచు గురించి చెప్పిన భాగం అర్థంకాక మింగేశాను.

వదిన లేచింది. "మరిదీ, ఇద్దరూ ఒకే దారిన వచ్చిండ్రు, సరే. ఒకే పొద్దుకు బయల్దేరిండ్రా? ఒకడు వానకు ముందు, ఇంకొకడు వాన పడ్డంక వస్తే మట్టి ఒక్కతీరుగ అంటదు గదా?"

జవాబు నేను మింగిన పొగమంచులోనే ఉందని అనుమానం. అడిగితే సారు "ఇప్పుడే కదా చెప్పాను" అంటాడు, మూడు భాషల మొనగాడి బండారం బయటపడుతుంది. మైకు దించి, సారు వైపు తిరిగి, హిందీలో, ఎంతో వినయంగా, "టీ ఇప్పుడిస్తారా, అయిపోయాక ఇస్తారా అని అడుగుతోంది" అన్నాను.

ముందు కుర్చీలన్నీ గొల్లుమన్నాయి. మున్షీ అయితే తొడ చరుచుకున్నాడు.

"ఏమన్నడు?" అంది వదిన.

"ఇట్లాంటివి అడగొద్దన్నాడు."

ఆమె కూర్చుంది.

వదినామరుదుల వేళాకోళం మా దగ్గర తప్పు కాదు. నా ముద్దలో పచ్చిమిరపకాయ దాచిన మనిషే ఆమె. ఇదీ ఆ ఖాతాలోదే అని సర్దిచెప్పుకున్నాను. ఆమె నన్ను రెండు తిట్టినా అక్కడికి సరిపోయేది. తిట్టలేదు.

ఎండాకాలం తునికాకు కల్లం తెరిచారు. మున్షీ కట్టలు పక్కకు తోస్తున్నాడు, వదిన చూస్తూ నిలబడింది. పక్కనున్నామె, "అక్కా, నువ్వన్నా అడుగు" అంది.

"నేను నోరు తెరిస్తే నవ్వుతరు. సైన్సు సారు కాడ చూడలే?"

నేను వెనకే కట్ట పట్టుకొని ఉన్నాను. నా వేళాకోళం తీసుకెళ్లింది ఆమె గొంతునని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కుర్ర సారుకు ఫోన్ చేసి, టీ సంగతి ఒప్పుకొని, అసలు ప్రశ్న అడిగాను. "ఆ రోజు ఒక్కరైనా ప్రశ్న అడగలేదని బాధపడ్డానండీ" అన్నాడు. ఈసారి అర్థమయ్యేదాకా ఆయన్ని వదల్లేదు.

వదిన గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చొని, టీ సంగతితో సహా అంతా చెప్పాను. ఇద్దరూ ఒకే పొద్దుకు బయల్దేరలేదు. మొదట్లో విశ్వమంతా మండే పొగమంచు, వెలుగు అందులో చిక్కుకుపోయింది. అలలకు ఆ మంచు అడ్డం కాదు, ముందే దాటొచ్చేశాయి. మంచు విడిచాకే వెలుగుకు దారి దొరికింది. అందుకే మట్టి అంతా కలవదు. కలవనిచోట కూడా ఏదో సంగతి ఉంటుందని సారు అన్నాడు.

"అయితే నేనడిగింది మంచి మాటేనా?"

"మంచి మాటే."

"ఇది నాకు చెప్తే ఏమొస్తది? నవ్వినోళ్లకు చెప్పు. వాళ్లు నవ్విన భాషల చెప్పు."

మర్నాడు కల్లంలో అందరి ముందూ నిలబడి మొదట హిందీలో చెప్పాను. మున్షీ గొంతు సవరించుకొని, "ఇప్పుడివన్నీ ఎందుకు?" అన్నాడు.

"ఆగు మున్షీ, మా మరిదిది ఇంకా అయిపోలే" అంది వదిన. ఆ మాట కల్లం చివరిదాకా వినపడింది.

తర్వాత దోర్లిలో చెప్పాను. అందరూ నన్నే చూస్తుంటే, మున్షీ పక్కకు తోసిన కట్టలను ఆమె తీరిగ్గా మళ్లీ కుప్పలోకి చేరుస్తోంది. అది చూసింది నేనొక్కణ్నే. ఈసారి మాత్రం చెప్పకపోవడమే మర్యాద అనిపించింది. ఆఖరి కట్ట చేరేదాకా మాట సాగదీసి, అప్పుడు ఆమె వైపు తిరిగి తెలుగులో అన్నాను:

"వదినా, నువ్వడిగినదానికి ఆ రోజు నాకు జవాబు తెలీదు. తెలీదని చెప్పలేక నిన్ను నవ్వులపాలు చేశాను. తప్పు నాది, నన్ను క్షమించు."